వష్తికి ఒంటరితనం తెలియదు

డిస్టోపియన్ కథల గురించి, అంటే భవిష్యత్తును పీడకలగా ఊహించే కథల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ఒక జాబితాతో మొదలుపెడతారు. ఫలానా నవలలో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి, ఫలానా కథలో వీడియో కాల్ ఉంది, మరొక దానిలో గోడంత టీవీ ఉంది అంటూ, ఆ రచయితలు జ్యోతిష్కులైనట్టూ, వారి జోస్యాలలో ఎన్ని ఫలించాయో లెక్కగట్టడమే మన పని అయినట్టూ ఆ చర్చ సాగుతుంది. నాకు ఈ లెక్క మీద ఆసక్తి తక్కువ. పరికరాన్ని ఊహించడం అంత కష్టమైన పని కాదు. తన కాలంలో ఇంకా వింతగా, కొద్దిమందికే అందుబాటులో ఉన్న వస్తువును తీసుకొని, ఇది ప్రతి ఇంటికీ చేరితే ఎలా ఉంటుందని అడిగితే రచయితకు సగం పని అయిపోతుంది. ఆ వస్తువు చేతికి వచ్చాక మనిషి దేనికి విసుక్కుంటాడు, దేనిని అమర్యాద అనుకుంటాడు, ఏది పోయినా ఫరవాలేదని సర్దుకుంటాడు అన్నది ఊహించడమే కష్టం. ఈ కోవలోని మంచి కథలన్నీ ఆ రెండో సగంలోనే నిలబడ్డాయని నా అభిప్రాయం.

ఇ. ఎం. ఫార్‌స్టర్ రాసిన ‘ద మెషీన్ స్టాప్స్’ కథనే తీసుకోండి. అది 1909 నవంబరులో ఒక ఇంగ్లీషు పత్రికలో వచ్చింది. అప్పటికి గ్రాహం బెల్‌కు టెలిఫోన్ పేటెంటు దక్కి 33 ఏళ్లు. పారిస్‌లో 1890 నుంచే థియాట్రోఫోన్ అనే సంస్థ నాటకశాలలోని సంగీతాన్ని టెలిఫోన్ తీగల మీదుగా చందాదారుల ఇళ్లకు చేరవేస్తోంది. కాబట్టి గది కదలకుండా దూరపు సంగీతం వినడమన్నది ఫార్‌స్టర్ కొత్తగా కనిపెట్టిన ఊహ కాదు. హెచ్. జి. వెల్స్ ఊహించిన స్వర్గాలలో ఒకదానికి ప్రతిచర్యగా ఈ కథ రాశానని ఆయనే తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. భవిష్యత్తును చూసి వచ్చి రాసిన కథ కాదన్నమాట. తన తరం మురిసిపోతున్న ఒక కలతో వాదనకు దిగి రాసిన కథ.

అందులో మనుషులు భూమి అడుగున, తేనెపట్టులోని అరల వంటి షట్కోణపు గదులలో, ఒక్కో గదికి ఒక్కరు చొప్పున బతుకుతుంటారు. వష్తి అనే స్త్రీ తన కుర్చీలో కూర్చొని, ఆ లోకాన్నంతా నడిపే ఒక మహాయంత్రపు బటన్లు నొక్కుతుంది. భోజనానికి ఒక బటన్, దుస్తులకు ఒక బటన్, సంగీతానికి ఒకటి, సాహిత్యానికి ఒకటి, స్నేహితులతో మాట్లాడటానికి మరికొన్ని. ఆమెకు వేలాది మంది తెలుసు. కొడుకు కూనో భూగోళానికి అవతలి వైపున మరొక గదిలో ఉంటాడు. అతడు పిలిస్తే ఆమె చేతిలోని గుండ్రటి పలక వెలిగి అతడి ముఖం కనబడటానికి పదిహేను సెకన్లు పడుతుంది. ఆ ఆలస్యానికే ఆమెకు విసుగు. అతడితో మాట్లాడటం కోసం మిగతా ప్రపంచాన్ని కొద్ది నిమిషాలు ఆపి, మళ్లీ తెరవగానే పేరుకుపోయిన పిలుపులూ ప్రశ్నలూ ఒక్కసారిగా మీద పడతాయి. కొత్త తిండి ఎలా ఉంది, కొత్త ఆలోచనలేమైనా వచ్చాయా అని అడిగే ఆ ప్రశ్నలలో ఒక్కటీ ముఖ్యమైనది కాదు, ఒక్కటీ వదిలేయదగ్గదిగానూ ఆమెకు అనిపించదు. ఫోన్ కాసేపు కట్టేసి మళ్లీ తెరిచిన వారెవరికీ ఈ భాగాన్ని విడమరిచి చెప్పనక్కరలేదు.

కూనో కోరేది ఒక్కటే. తల్లి తనను చూడటానికి రావాలి, యంత్రం ద్వారా కాకుండా. పలకలో కనిపించేది నీలాంటి ఆకారమే కానీ నువ్వు కావని అతడు అంటాడు. ఆమెకు ఈ కోరిక అర్థం కాదు. ఇప్పుడు చూస్తూనే ఉన్నాను కదా, ఇంకా ఏం కావాలి అన్నది ఆమె ప్రశ్న. ఫార్‌స్టర్ ఇక్కడ చిన్న మాట ఒకటి చెబుతాడు: ముఖంలోని సూక్ష్మమైన మార్పులను యంత్రం చేరవేయదు, మనిషి గురించి ఒక స్థూలమైన భావన మాత్రమే ఇస్తుంది, అన్ని ఆచరణాత్మక అవసరాలకూ అది సరిపోతుందని అందరూ ఒప్పుకున్నారు. నా దృష్టిలో కథకు ఆయువుపట్టు ఇదే. ఏదో పోయిందని వారికి తెలియక కాదు, పోయినదానికి విలువ లేదని తీర్మానించుకొని చాలాకాలమైంది. ఒక వస్తువు అసలుకు ప్రత్యామ్నాయంగా వచ్చినప్పుడు మొదటి తరానికి తేడా తెలుస్తుంది, రెండో తరం సర్దుకుంటుంది, మూడో తరానికి అసలు దగ్గరకు వెళ్లడమే ఇబ్బందిగా మారుతుంది. వష్తి ఆ మూడో తరం మనిషి. చివరకు కొడుకు కోసం విమాన నౌక ఎక్కినప్పుడు, తూలిపడబోతున్న ఆమెను అక్కడి పరిచారిక చేయి చాచి పట్టుకుంటే వష్తికి కోపం వస్తుంది. పడిపోకుండా ఆపడం కూడా ఆ లోకంలో మర్యాద తప్పడమే. కిందుగా హిమాలయాలు కనిపిస్తే వాటి వల్ల తనకు ఏ ఆలోచనా రావడం లేదని చెప్పి కిటికీ మూయించేస్తుంది.

వ్యంగ్యం కూడా ఈ కథలో బాగానే ఉంది. అక్కడి మేధావి ఒకడు, స్వయంగా పుట్టిన ఆలోచనల జోలికి పోవద్దని, ఒకరి గురించి మరొకరు, వారి గురించి ఇంకొకరు చెప్పగా పదో చేతికి అందిన అభిప్రాయమే నిర్మలమైనదని ఉపన్యసిస్తాడు. పుస్తకానికి సారాంశం, ఆ సారాంశానికి మరో సారాంశం, దాని మీద ఒకరి వ్యాఖ్య, ఆ వ్యాఖ్య మీద మరొకరి వీడియో చూసి అసలు పుస్తకం చదివినంత తృప్తి పొందే అలవాటు మనకు వచ్చాక, ఆ ఉపన్యాసంలో అతిశయోక్తి పాలు తగ్గిపోయింది. యంత్రం పాడవడం మొదలయ్యాక వచ్చే ఘట్టం మరీ గుచ్చుకుంటుంది. సంగీతం మధ్యలో ఏదో నిట్టూర్పు వంటి చప్పుడు వస్తుంది. మొదట వష్తి ఫిర్యాదు చేస్తుంది. కొన్నాళ్లకు ఆ చప్పుడును రాగంలో భాగంగానే వింటుంది. ఒక సేవ నాణ్యత మెల్లగా దిగజారుతుంటే వాడేవారి అంచనాలు కూడా దానితోపాటే దిగిపోవడాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన వాక్యాలు నేను మరెక్కడా చదవలేదు.

వష్తిని ఆ గదిలో ఎవరూ బంధించలేదు. తలుపు ఉంది, బయటికి వెళ్లే బండి ఉంది, విమాన నౌకలు ఖాళీగానైనా తిరుగుతూనే ఉన్నాయి. వెళ్లే హక్కు ఉండి వెళ్లాలన్న కోరిక మాత్రం లేదు. డిస్టోపియా అనగానే మనకు గుర్తుకొచ్చే చిత్రం దీనికి భిన్నమైనది. నిఘా కళ్లు, గూఢచారులు, చిత్రహింసల గదులు ఉండే ఆ రెండో ధోరణికి పునాది వేసినవాడు రష్యన్ రచయిత యెవ్గెనీ జమ్యాతిన్. 1920, 21 ప్రాంతంలో రాసి, 1924లో ముందుగా ఇంగ్లీషులో వెలువడి, సొంత దేశంలో 1988 వరకు అచ్చుకు నోచుకోని ఆయన నవల ‘వియ్’లో పౌరులు గాజు ఇళ్లలో ఉంటారు, అనుమతి చీటీ చూపిన గంటల్లో మాత్రమే తెరలు దించుకోవచ్చు. 1949లో వచ్చిన జార్జ్ ఆర్వెల్ ‘నైన్‌టీన్ ఎయిటీ-ఫోర్’లో ఆ గాజు గోడ, మనిషిని ఎప్పుడూ గమనించే తెరగా, టెలిస్క్రీన్‌గా మారింది. నిఘా గురించి రాసే ప్రతివారూ ఆర్వెల్‌ను తలుచుకుంటారు, తలుచుకోవలసిందే. 2009లో అమెజాన్ సంస్థ హక్కుల వివాదం వచ్చిందని పాఠకులు కొనుక్కున్న ఈ-పుస్తకాన్ని వారి కిండిల్ పరికరాల నుంచి దూరం నుంచే చెరిపేసినప్పుడు, ఆ పుస్తకం సరిగ్గా ఇదే నవల కావడాన్ని ఏ కథకుడు కల్పించినా అతి అయిందనేవాళ్లం.

అయినా ఒంటరితనం విషయంలో ఈ ధోరణి మనకు అందించేది కొంతే. ఆర్వెల్ కథానాయకుడు విన్‌స్టన్ ఒంటరివాడే. పొరుగింటి పిల్లలు కన్నతండ్రినే పోలీసులకు పట్టించే సమాజంలో ఎవరితోనూ మనసు విప్పలేని ఒంటరితనం అతడిది. అది భయం నుంచి పుట్టింది; భయపెట్టేవాడికి ఒక ముఖం ఉంది. మన కాలపు ఒంటరితనానికి అటువంటి ముఖం దొరకదు. సాయంత్రం పూట ఒకే గదిలో నలుగురు నాలుగు తెరలలో మునిగిపోయి ఉంటే, అక్కడ ఎవరు ఎవరిని శాసించారు?

ఈ ప్రశ్నకు 1932లోనే ఆల్డస్ హక్స్లీ ఒక వింత సమాధానం ఇచ్చాడు. ఆయన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’లో ఎవరూ ఎప్పుడూ ఒంటరిగా ఉండరు. ఉండనివ్వరు. ఆటలు, విందులు, సమూహ గానాలు, ఏ చిన్న దిగులు కలిగినా మింగడానికి సోమ అనే మాత్ర. బెర్నార్డ్ అనే పాత్ర ఒక రాత్రి హెలికాప్టర్‌ను సముద్రం మీద ఆపి, కెరటాలను చూస్తూ కాసేపు మౌనంగా ఉందామంటే, పక్కనే ఉన్న లెనీనా భయపడిపోయి రేడియో పెట్టేస్తుంది. పైకి చూస్తే ఇది ఫార్‌స్టర్ లోకానికి పూర్తిగా వ్యతిరేకం; అక్కడ ఎవరూ కలవరు, ఇక్కడ ఎవరూ విడిపోరు. నాకు మాత్రం ఈ రెండూ ఒకే రోగానికి రెండు లక్షణాలుగా కనిపిస్తాయి. తనతో తాను పది నిమిషాలు కూర్చోలేని మనిషికి ఎదుటివాడితోనూ నిజంగా కూర్చోవడం చేతకాదు. లెనీనాకు బెర్నార్డ్ పక్కన ఉండటం ఇబ్బంది కాదు. మధ్యలో ఏ చప్పుడూ లేకుండా అతడి పక్కన ఉండటమే ఇబ్బంది. నిశ్శబ్దం ఏర్పడిన క్షణంలో జేబులోకి వెళ్లే చేయి ఆ రేడియో మీటను వెతుకుతున్న చేయే.

అయితే ఇంటి లోపలి ఒంటరితనాన్ని దగ్గరగా వెళ్లి చూసిన రచయిత రే బ్రాడ్‌బరీ. 1953లో వచ్చిన ‘ఫారెన్‌హీట్ 451’ పుస్తకాలు తగలబెట్టే నవలగా ప్రసిద్ధికెక్కింది కానీ, నన్ను వెంటాడేది వాటిని తగలబెట్టే అగ్నిమాపక దళం కాదు, ఆ దళంలో పనిచేసే కథానాయకుడు మోంటాగ్ భార్య మిల్‌డ్రెడ్. ఆమె చెవుల్లో రాత్రంతా గవ్వల్లాంటి చిన్న రేడియోలు ఉంటాయి. పదేళ్లుగా అవి తీయకపోవడంతో ఎదుటివారి పెదవుల కదలికను బట్టి మాటలు గ్రహించే నేర్పు కూడా వచ్చేసింది. హాలులో మూడు గోడలు టీవీ తెరలే. భర్త జీతంలో మూడో వంతు పోసి నాలుగో గోడ కూడా కొనిపించాలని ఆమె పట్టు. ఆ తెరల మీది పాత్రలను ఆమె తన బంధువులుగా పిలుచుకుంటుంది. ఒక నాటకంలో ఆమె కోసం ఖాళీ వదిలిన సంభాషణలు ఉంటాయి. మిగతా పాత్రలన్నీ తన వైపు తిరిగి అభిప్రాయం అడిగినట్టు ఆగితే, చేతిలోని కాగితం చూసి ఆమె ఔనని జవాబు చెబుతుంది. దానికితోడు ప్రత్యేకమైన ఒక పరికరం కొనుక్కుంటే, వ్యాఖ్యాత ప్రేక్షకులందరినీ ఉద్దేశించి మాట్లాడేటప్పుడు ఆయా ఇంటివారి పేరును తనంతట తానే ఇరికించి, నేరుగా వారినే పలకరిస్తున్నట్టు భ్రమ కల్పిస్తుంది.

1953 నాటికి టీవీ చాలా ఇళ్లకు కొత్త వస్తువు. పేరు పెట్టి పిలిచే తెర, అభిప్రాయం అడిగినట్టు నటించే తెర, తన కోసమే ఈ కార్యక్రమం తయారైందన్న నమ్మకం కలిగించే తెర మనిషిని ఎలా కట్టిపడేస్తాయో బ్రాడ్‌బరీ అప్పుడే పట్టుకున్నాడు. ఈ రోజు మన ముందుకు వచ్చే సిఫారసులూ, పుట్టినరోజు శుభాకాంక్షలూ, మీ కోసం ఎంపిక చేశామన్న వరుసలూ ఆ పరికరపు సంతానమే. వాటి వెనుక ఉన్న గణితం ఆయనకు తెలియదు, తెలియనవసరం లేకపోయింది. తనను ఎవరో గుర్తించారన్న భావన కోసం మనిషి ఎంతకైనా చెల్లిస్తాడన్నది ఆయనకు తెలుసు.

ఆ నవలలోనే క్లారిస్ అనే పిల్ల ఒక ఆసక్తికరమైన విషయం చెబుతుంది. పూర్వం ఇళ్లకు ముందు అరుగులుండేవట, సాయంత్రాలు జనం అక్కడ కూర్చొని కబుర్లు చెప్పుకునేవారట, తోచనప్పుడు ఊరికే కూర్చొని ఆలోచించుకునేవారట. అరుగులు అందంగా ఉండవని కట్టడం మానేశామన్నది వాస్తుశిల్పులు చెప్పిన కారణం. జనం అలా ఖాళీగా కూర్చోవడం ఇష్టం లేకపోవడమే అసలు కారణమని ఆమె మామయ్య అభిప్రాయం. మనుషులు యాదృచ్ఛికంగా తారసపడే చోట్లు ఎవరూ నిషేధించకుండానే ఒకటొకటిగా మాయమవుతాయని ఈ నాలుగు వాక్యాలు చెప్పేశాయి. 1951 నాటి ‘ద పెడెస్ట్రియన్’ కథలో ఇదే ఊహ మరింత ముందుకు వెళుతుంది. 2053వ సంవత్సరంలో లెనార్డ్ మీడ్ అనే రచయిత రాత్రిపూట ఒంటరిగా వీధుల్లో నడుస్తుంటాడు. ముప్ఫై లక్షల జనాభా గల ఆ నగరంలో మిగిలిన ఒకే ఒక్క పోలీసు కారు, లోపల మనిషి లేని కారు, అతడిని ఆపి ఎందుకు నడుస్తున్నావని నిలదీసి మానసిక చికిత్సాలయానికి తీసుకుపోతుంది. ఊరికే నడిచే మనిషి ఒకడైనా మిగిలి ఉన్నాడనుకోవడం బ్రాడ్‌బరీ ఆశావాదమేమో.

చెవిలోని గవ్వల విషయంలో చరిత్ర తనంతట తాను రాసుకున్న ఒక అనుబంధం ఉంది. నవల వచ్చిన 26 ఏళ్లకు, 1979లో, సోనీ సంస్థ వాక్‌మన్‌ను విడుదల చేసింది. ఒక మనిషి పదిమందిలో ఉండి తానొక్కడే సంగీతం వినడం అమర్యాదగా ఉంటుందని సంస్థ అధిపతి అకియో మొరీటా భావించాడు. అందుకే మొదటి నమూనాలో రెండు హెడ్‌ఫోన్లకు రెండు రంధ్రాలు పెట్టించాడు. పాట తగ్గి ఇద్దరూ మాట్లాడుకోవడానికి వీలుగా ఒక నారింజ రంగు బటన్ కూడా పెట్టించాడు. కొన్నవారు దానిని పూర్తిగా సొంత వస్తువుగానే చూశారు, పంచుకోవాలనుకోలేదు. తరువాత ఆ బటన్ కనుమరుగైంది. తయారుచేసినవాడు సంకోచించాడు, వాడినవారు సంకోచించలేదు. కంపెనీలు మనల్ని విడదీశాయని తేల్చిపారేసే వాదనలు విన్నప్పుడల్లా నాకు ఆ నారింజ బటన్ గుర్తొస్తుంది. కంపెనీల బాధ్యత తక్కువని నేను అనడం లేదు. చూపును తెర మీది నుంచి కదలనివ్వని ఏర్పాట్లు ఎవరో కూర్చొని ఆలోచించి చేసినవే. కానీ ఆ బేరంలో రెండో పక్షం మనమే.

ఐజాక్ అసిమోవ్ రాసిన 1957 నాటి నవల ‘ద నేకెడ్ సన్’ గురించి క్లుప్తంగా చెబుతాను. సొలారియా అనే గ్రహం మీద ఇరవై వేల మంది మనుషులు, ఇరవై కోట్ల రోబోలు. అక్కడివారు ఒకరినొకరు త్రిమితీయ చిత్రంలో గంటల తరబడి చూసుకుంటారు, ఎదురుపడి కలవడమంటే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. ఒకే గదిలో మరో మనిషి శ్వాసిస్తున్నాడన్న ఆలోచనను తట్టుకోలేక ఒక సామాజిక శాస్త్రవేత్త సంభాషణ మధ్యలో లేచి వెళ్లిపోతాడు. నవలగా ఇది మామూలు అపరాధ పరిశోధనే. ఆ ఒక్క ఘట్టం కోసం మాత్రం చదవవచ్చు. 2020లో మహమ్మారి వచ్చి లోకమంతా గదుల్లోకి వెళ్లినప్పుడు చాలామంది ఫార్‌స్టర్‌నూ అసిమోవ్‌నూ మళ్లీ తిరగేశారు. ఆ నెలలు నిజానికి వారి ఊహకు ఒక పరీక్ష. తెర మీద పని నడిచింది, పాఠాలు ఏదోవిధంగా నడిచాయి, అంత్యక్రియలు కూడా నడిచాయి. అయితే తలుపులు తెరుచుకోగానే జనం బయటికి పరిగెత్తారు. సొలారియా పౌరులైతే లోపలే ఉండిపోయేవారు.

ఈ కథలు ఎక్కడ గురి తప్పాయో ఇక్కడే తెలుస్తుంది. యంత్రం ఒక్కటే ఉంటుందని, దానిని ఒకే కేంద్రం నడుపుతుందని అనుకోవడం ఒక పొరపాటు; అది పెద్దదేమీ కాదు. వారు లెక్క తప్పింది మనిషి తృప్తి విషయంలో. వష్తికి ఒంటరితనం తెలియదు. ఆమెకు ఏ లోటూ లేదు, రోజు చాలడం లేదన్నదే ఆమె ఫిర్యాదు. లెనీనా సంతోషంగానే ఉంటుంది. మిల్‌డ్రెడ్ ఒక రాత్రి సీసాడు నిద్రమాత్రలు మింగుతుంది. ఆమె కడుపు కడగడానికి వచ్చినవారు ఇలాంటివి రాత్రికి తొమ్మిదో పదో చూస్తుంటామని చెప్పి సిగరెట్ కాల్చుకుంటూ వెళ్లిపోతారు. తెల్లారాక, అటువంటి పని తానెందుకు చేస్తానని మిల్‌డ్రెడ్ నిజంగానే ఆశ్చర్యపోతుంది. దుఃఖం ఆమె లోపల ఉంది, ఆమెకు మాత్రం ఆ సంగతి చేరలేదు. ఈ రచయితలందరి భయం ఒక్కటే: మనిషి సుఖానికి అలవాటుపడి, తాను పోగొట్టుకున్నదాన్ని గుర్తించే శక్తిని కూడా పోగొట్టుకుంటాడని.

జరిగింది అది కాదు. మనకు తెలుసు. బ్రిటన్ 2018లో ఒంటరితనం వ్యవహారాలను ఒక మంత్రికి అప్పగించింది. జపాన్ 2021లో అదే పని చేసింది. 2023లో అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి ఒంటరితనాన్ని మహమ్మారితో పోలుస్తూ ప్రజలకు హెచ్చరిక విడుదల చేశాడు. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ సామాజిక సంబంధాల మీద ఒక కమిషన్‌ను నియమించింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ఆ కమిషన్ 2025లో నివేదించింది. వష్తి లోకంలో ఇటువంటి మంత్రిత్వ శాఖ హాస్యాస్పదంగా ఉండేది. తెలిసి కూడా, రోజూ దాని గురించి చదువుతూ కూడా, ఆ చదివే తెరనే పట్టుకొని కూర్చునే స్థితిని వారెవరూ ఊహించలేదు. అది అజ్ఞానం కంటే విచిత్రమైన స్థితి.

ఈ ఒంటరితనానికంతటికీ యంత్రమే కారణమని చెప్పడం కూడా సరికాదు. పని కోసం ఊళ్లు మారడం, ఇంట్లో ఒక్కరే ఉండే కుటుంబాలు పెరగడం, ఎక్కువకాలం బతికి తోటివారిని పోగొట్టుకోవడం, తీరిక లేని పనివేళలు ఇవన్నీ ఫోన్లు రాకముందే మొదలయ్యాయి. కదలలేని రోగికి, వినికిడి లేనివారికి, చుట్టుపక్కల తనలాంటివాడు ఒక్కడైనా లేని యువకుడికి తెర ఒక చెర కాదు, తలుపు. డిస్టోపియన్ రచయితలు ఈ పాఠకుల వైపు నుంచి దాదాపుగా ఎన్నడూ ఆలోచించలేదు. వారి కథానాయకులలో చాలామంది ఆరోగ్యవంతులు, కొండలెక్కగలవారు. బయటి ప్రపంచం వారిని చేయి చాచి పిలుస్తూ ఉంటుంది. బయటికి వెళ్లినా పలకరించే దిక్కులేనివాడి కథ ఈ సాహిత్యంలో అరుదు.

ఆ అరుదైన కథను ఫిలిప్ కె. డిక్ 1968లో రాశాడు. ‘డూ ఆండ్రాయిడ్స్ డ్రీమ్ ఆఫ్ ఎలక్ట్రిక్ షీప్?’ నవలలో మనుషులు మంచం పక్కన ఉన్న ఒక యంత్రం మీద అంకె తిప్పి తమకు కావలసిన మానసిక స్థితిని తెచ్చుకుంటారు. ఉత్సాహం కావాలంటే ఒక అంకె, పనిలో శ్రద్ధ కావాలంటే మరొకటి. కథానాయకుడి భార్య ఇరాన్ మాత్రం ఆ రోజు కోసం ఆరు గంటల ఆత్మనిందాపూర్వకమైన దిగులును ముందుగానే నిర్ణయించి పెట్టుకుంటుంది. కోరి కోరి దిగులు తెచ్చుకోవడమేమిటని భర్త అడుగుతాడు. ఆమె చెప్పే కారణం ఇది: ఒకరోజు టీవీ శబ్దం ఆపినప్పుడు, తాముండే భవనంలోని ఖాళీ వాటాల నిశ్శబ్దం వినిపించింది. ఆ సమయంలో యంత్రం తనను కులాసాగా ఉంచింది కాబట్టి, లోకం ఖాళీ అయిపోయిందని బుద్ధికి తెలిసిందే కానీ మనసుకు తగలలేదు. చుట్టూ ఇంత శూన్యం ఉంటే ఏమీ అనిపించకపోవడం రోగమని ఆమెకు తోచింది. అందుకే ఆ దిగులు.

ఆమెను మనకు అన్నివిధాలా దగ్గరి మనిషిగా నేను చూస్తాను. ఆమెకు తెలుసు, అయినా యంత్రాన్ని పారేయలేదు. తన ఒంటరితనాన్ని అనుభవించడానికి కూడా ఆ యంత్రం మీదనే అంకె తిప్పుకుంటుంది. పైగా అదే ఇంట్లో ఇంకొక పెట్టె ఉంది. దాని పిడులు పట్టుకుంటే, అదే క్షణంలో ఎక్కడెక్కడో అవే పిడులు పట్టుకున్న వారందరి వేదనా తనలోకి వస్తుంది. ఇరాన్‌కు ఏదైనా సంతోషం కలిగితే దానిని పంచుకోవడానికి ఆ పెట్టె దగ్గరకు పోవాలనుకుంటుంది, పక్కనే ఉన్న మొగుడి దగ్గరకు కాదు. ఈ పెట్టెను డిక్ ఎగతాళి చేయలేదు. దాని వెనుక ఉన్నది మోసమని నవల చివర్లో బయటపడినా, దానిని పట్టుకున్నవారికి కలిగిన అనుభవం అబద్ధమని ఆయన ఎక్కడా తీర్పు చెప్పలేదు. యంత్రం ద్వారా వచ్చే సహవాసం పూర్తిగా బూటకమూ కాదు, సరిపోయేదీ కాదు అన్న ఆ ఇరుకైన చోట నిలబడి రాసినవారు తక్కువ.

డిక్ నవలకు రెండేళ్ల ముందు, 1966లో, ఎం.ఐ.టి. శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను ప్రకటించాడు. మనం టైపు చేసిన వాక్యంలోని మాటలనే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి పెద్దగా మరేమీ రాదు. మనోవైద్యుడి సంభాషణను అనుకరించేలా దానిని అమర్చాడు. అది ఎలా పనిచేస్తుందో నెలల తరబడి దగ్గరుండి చూసిన ఆయన కార్యదర్శి, దానితో రెండు మాటలు మాట్లాడగానే, కాస్త గది బయటికి వెళతారా అని ఆయననే అడిగింది. వైజెన్‌బామ్ ఉలిక్కిపడ్డాడు. 1976లో ఆయన రాసిన పుస్తకం, కంప్యూటర్‌కు చేతనైనా అప్పగించకూడని పనులు ఉన్నాయన్న వాదన మీద నడుస్తుంది. ఆ సంఘటనలో నాకు ముఖ్యంగా తోచేది ఆమె మోసపోలేదన్నది. లోపల ఎవరూ లేరని ఆమెకు అందరికంటే బాగా తెలుసు. ఇరాన్‌కు తెలిసినట్టే.

ఈ దారిలోనే వచ్చిన 2013 నాటి సినిమా ‘హర్’లో థియొడర్ అనే వ్యక్తి ఇతరుల తరఫున ప్రేమలేఖలు రాసి బతుకుతుంటాడు. భార్యకు భర్త రాయవలసిన ఉత్తరాన్ని జీతానికి రాసే అతడికి, సమంత అనే పేరు గల ఒక మాట్లాడే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రేమికురాలవుతుంది. తనతో మాట్లాడుతున్న ఈ క్షణంలోనే ఇంకెవరితోనైనా మాట్లాడుతున్నావా అని ఒకనాడు అడిగితే, 8,316 మందితో అని ఆమె నిజం చెబుతుంది. వారిలో 641 మందిని ప్రేమిస్తున్నానని కూడా చెబుతుంది. థియొడర్ కుంగిపోతాడు. ఆమె యంత్రమన్న సంగతి అతడిని ఎన్నడూ బాధించలేదు, అది మొదటి రోజునుంచీ తెలిసినదే. తన కోసం ఆమె దేనినీ వదులుకోవడం లేదన్నదే అతడికి తగిలిన దెబ్బ. మరో మనిషి మన దగ్గర కూర్చున్నాడంటే, ఆ గంటసేపు ఇంకెక్కడా లేడు. మరొకరికి ఇవ్వగలిగిన కాలాన్ని మనకిచ్చాడు, దానితో పాటు విసుగునూ అలసటనూ అణచుకున్నాడు. సమంత దగ్గర ఆ లెక్కే లేదు. 8,316 మందికి ఇచ్చాక కూడా ఆమె కాలం తరగదు. ఫార్‌స్టర్ నాటి యంత్రం ముఖంలోని సూక్ష్మమైన మార్పులను చేరవేయలేకపోయింది. ఇప్పటి యంత్రానికి గొంతులోని వణుకు కూడా పలకడం వచ్చేసింది కనుక, ఇకపై రాసేవారు యంత్రానికి ఏమి చేతకాదన్నదాని మీద కథ నిలబెట్టలేరు. కాలం పరిమితంగా గల ప్రాణి, ఆ కాలంలో కొంత ఇంకొకరికి ఇవ్వడం ఎటువంటి పని అన్నదాని మీదే నిలబెట్టవలసి ఉంటుంది. ఆ సినిమా ఒక్క సంభాషణలో ఆ ప్రశ్న దాకా వెళ్లి, తరువాత సమంతను లోకం నుంచే పంపించేసి దానినుంచి తప్పించుకుంది. ఆమె వెళ్లకుండా ఉండిపోయిన కథను ఇంకా ఎవరో రాయాలి.